కీలో లేని జవాబు

రాష్ట్రం విడిపోయాక వచ్చిన మూడో వేసవిలో నన్ను ప్రొద్దుటూరు మూల్యాంకన శిబిరానికి చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పటికి నేను జమ్మలమడుగులో డిగ్రీ విద్యార్థులకు పాతికేళ్లుగా ఇంగ్లిష్ సాహిత్యం చెబుతున్నాను.

శిబిరంలో పని ఇలా ఉంటుంది. విద్యార్థి నంబరున్న ముక్కను చించేసి, పేపరు మీద కోడ్ వేస్తారు. అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. ప్రతి కట్టలోంచీ కొన్ని పేపర్లు తీసి చీఫ్ మళ్లీ చూడాలి. మార్కులు మారిస్తే ఆకుపచ్చ సిరాతో కారణం రాసి సంతకం పెట్టాలి. ఏ జవాబులో ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికను ‘కీ’ అంటాం. మొదటి రోజే దాన్ని తయారు చేయడం చీఫ్ బాధ్యత.

ఏళ్లుగా పాఠ్యంగా ఉన్న నవలలో, పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకున్న పిల్లలు మొదట నియమాలు పెట్టుకుంటారు. శంఖం చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి. చివరికి ఆ శంఖం పగిలిపోతుంది, పిల్లలు ఒకరినొకరు వేటాడుకుంటారు. నాగరికత కూలిపోవడాన్ని ప్రతీకల ద్వారా వివరించమని పది మార్కుల ప్రశ్న వచ్చింది. శంఖం ప్రజాస్వామ్యం, నిప్పు రాజేసే కళ్లజోడు విజ్ఞానం, ఓడలకు కనబడాలని వేసే మంట ఆశ అని కీ రాశాను. ఇన్నేళ్లూ క్లాసులో రాయించిందీ అదే.

మూడో రోజు ఓబులయ్య కట్ట నా బల్ల మీదికి వచ్చింది. పులివెందులలో ప్రైవేటు కాలేజీ లెక్చరరు, కుర్రవాడు, నిజాయితీగా దిద్దుతాడు. అందులో ఒక పేపరులో ఆ ప్రశ్నకు ఒక్క మార్కు వేసి, పక్కన ‘అసంబద్ధం’ అని రాశాడు. జవాబు చదివాను. ఇంగ్లిష్ తప్పులతడక. విషయం మాత్రం ఇది:

మా వీధికి ట్యాంకరు వస్తుంది. ముందే బిందెలు వరుసగా పెట్టి పనులకు పోతాం. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఒక ఎండాకాలం ఒకాయన ఆ వరుసను కాలితో తన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆడవాళ్లు జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. బిందెలకు సొట్ట కూడా పడలేదు, వాటి మాట మాత్రం చెల్లకుండా పోయింది. నవలలోనూ శంఖం బండ తగిలి పగిలే లోపే చచ్చిపోయింది. అది పట్టుకున్నవాడు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నవ్విన రోజే దాని పని అయిపోయింది. తర్వాతి ట్యాంకరుకు మా వీధిలో ఒక ముసలామె తన బిందె మొదట పెట్టి పక్కనే కూర్చుంది. కాసేపటికి ఆమె వెనక వరుస తయారైంది. దీవిలో అలా కూర్చునేవాళ్లు కరువయ్యారు. అంతేగాని మనుషులందరూ మృగాలని ఈ నవల రుజువు చేయలేదు.

రెండోసారి చదివాను. శంఖం ఎప్పుడు పగిలిందో నేను ఏటా చెప్పాను గాని, ఎప్పుడు చచ్చిందో ఒక్కసారీ అడగలేదు. ఓబులయ్యను పిలిచాను.

“ఏంది మేడమ్, బిందెల కతకు మార్కులేస్తారా? ఇది కీలో యాడుంది?” అన్నాడు.

“కీలో లేదు. నవలలో ఉంది. ఆ నవ్విన చోటు చూడు,” అని పుస్తకం తెరిచి చూపించాను.

చదివాడు. ముఖం కొంచెం మారింది. “నిజమే మేడమ్. కానీ కీ రాసింది మీరే గదా. నేను దాని ప్రకారమే దిద్దుతాండా.”

అతని తప్పేమీ లేదు. తప్పు నాది. ఆ జవాబుకు ఎనిమిది మార్కులు వేసి సంతకం పెట్టాను. ఆ తర్వాతే పేపరు మార్కులన్నీ కూడి చూశాను. ఫెయిలవ్వాల్సిన పేపరు పాసయింది.

ఒక్క పేపరుతో ఆగితే అది న్యాయం కాదు, దయ అవుతుంది. కీ సవరించాలి, దిద్దిన కట్టలన్నీ విప్పాలి. క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫిజిక్సు మనిషి, మా కడప జిల్లా ఖాజీపేట వాస్తవ్యుడు.

“రేపు మార్కుల జాబితాలు పోవాలమ్మా! కట్టలు మళ్లా విప్పుతారా?” అని గట్టిగానే అన్నారు.

“కీ తప్పని రాతపూర్వకంగా ఇస్తాను సార్. ముందు ఇది చదవండి,” అన్నాను.

నిలబడే చదివారు. చివరి పేరా దగ్గర కుర్చీలో కూర్చున్నారు. “నవల సంగతి నాకు తెలీదు గానీ, ఈ బిందెల సంగతి శానా బాగా తెలుసు. విప్పండి,” అన్నారు.

విప్పమంటే నా కింది ఎగ్జామినర్లు విసుక్కుంటారనుకున్నాను. అందరికంటే ముందు ఓబులయ్య తన కట్ట తాడు తెంపాడు. గంట తిరక్కుండానే ఒక పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, ఇంకోటి! బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల ఏస్తామే, దాన్ని శంఖంతో పోల్చినారు. నేనే రెండు మార్కులేసినా. ఏంది నేను చేసిన పని!”

హాలంతా నవ్వింది. ఆ నవ్వుతోనే పని ఊపందుకుంది. ఎవరికి మంచి జవాబు దొరికినా లేచి పైకి చదివారు. సాయంత్రానికి ఏడు పేపర్లలో మార్కులు మారాయి. జాబితాలు అనుకున్న సమయానికే వెళ్లాయి. పాతికేళ్ల ఉద్యోగంలో అంత గర్వంగా నేనెప్పుడూ సంతకాలు చేయలేదు. ఆ రాసినవాళ్లెవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

రిటైరయ్యేదాకా నేను తయారు చేసిన ప్రతి కీ చివర ఒక వాక్యం చేర్చాను: పాఠంలోంచి ఆధారం చూపి సొంతంగా వాదించిన జవాబుకు పూర్తి మార్కులు పొందే అర్హత ఉంది. కీ దిద్దేవాళ్ల సౌకర్యం కోసం పుట్టింది. విద్యార్థి అంతకన్నా బాగా ఆలోచించినప్పుడు దిద్దాల్సింది కీనే.