పోలయ్య ముక్క చెడిపోలేదు

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా దిగబడి ఉంది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకొక్కరికైనా చెప్పుకోనివ్వండి.

అప్పుడు నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. క్లోమంలో వచ్చే గడ్డలో క్యాన్సర్ కణాలు కొన్నే. వాటి చుట్టూ గట్టిగా అల్లుకున్న వేరే కణాలే ఎక్కువ. ఆ చుట్టుకణాలే గడ్డను పోషిస్తాయని, వాటిని తీసేస్తే గడ్డ చిక్కిపోతుందని నా థీసిస్. ఆపరేషన్‌లో కోసిన ముక్కలు తెచ్చి, కణాలు పెంచి చూసేదాన్ని. నాలుగు ముక్కలు నా మాట విన్నాయి. ఐదోది వినలేదు.

అది మైపాడు దగ్గర సముద్రంలో చేపల వేటకు వెళ్లే పోలయ్యది. చుట్టుకణాలు తీసేశాక అతని క్యాన్సర్ కణాలు ఇంకా ఎగబడి పెరిగాయి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. అంటే ఆ కణాలు గడ్డను పోషించడం లేదు, కట్టడి చేస్తున్నాయేమో! అదే రాయాలి. రాస్తే నా పని మళ్లీ మొదటికి వస్తుంది. రిజిస్టర్‌లో ‘కరెంటు పోయింది, బూజు పట్టింది’ అని రాసి, కణాలు పెంచిన ప్లేట్లు పారేశాను. మా ఉప్పుగాలికి, మా కరెంటు కోతలకు ఆ మాటను ఎవరూ అనుమానించరు. మా గైడు సార్ కూడా ఒక్క ప్రశ్న వేయలేదు. చుట్టూ ఉన్నవాటి మీదికి తప్పు నెట్టేయడం తేలికే. కానీ పెన్ను పట్టింది నా చెయ్యే కదా?

కొన్నాళ్లకు పోలయ్య చెకప్‌కి వచ్చి, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం నా చేతిలో పెట్టాడు.

“ఏం పాపా, నా ముక్క ఏమన్నా చెప్పిందా?”

“లేదన్నా. చెడిపోయింది.”

“అట్నా? ఇంకోటి కోసిచ్చేదానికి లేదే! నా మాదిరోళ్లకి పనికొస్తాదనుకుంటినే.”

ఆ నెత్తళ్లు పులుసు పెట్టుకుని తిన్నాను. రుచిగా ఉందనుకుంటూ తిన్నాను. నా మీద నాకే రోత.

ఆ ఏడాదే పోలయ్య పోయాడు. నేను నిజం రాసినా బతికేవాడు కాదని తెలుసు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లూ నన్ను నేను వెనకేసుకొచ్చాను. మరి నా థీసిస్ నమ్మి అదే దారిన పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్ల ముందున్న పోలయ్యల సంగతేమిటి? నా పేరు ముందు డాక్టరు మాత్రం ఉంది, థూ.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు. అతనికి చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.

పోలయ్యన్నా, నీ ముక్క చెడిపోలేదు. చెప్పాల్సింది మూడుసార్లు చెప్పింది.