ఆషాఢంలో ఆగిన పొయ్యి

కిందటి శనివారం మా వీధి చివర కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగబ్బాయి ఒకడు గేటు దగ్గర నన్ను ఆపి, "అంకుల్, మా ఇంట్లో ఫర్నేస్ పోయిందండి. మార్పించాలంటే ఎంతవుతుంది?" అని అడిగాడు. పదకొండు వేల డాలర్లని ఠక్కున చెప్పాను. అది ఏడేళ్ళనాటి రేటు, ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉంటుందని కూడా అన్నాను. "చలికాలం పోయేదాకా ఆగితే తగ్గుతుందంటారా?" అన్నాడు. ఆగొద్దు, రేపే పెట్టించెయ్యి అని కాస్త గట్టిగానే అరిచినట్టున్నాను, పాపం బిత్తరపోయాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

హామిల్టన్ చలి సంగతి బయటివాళ్ళకి తెలియదు. భూమికి దక్షిణపు కొసనున్న ఈ దేశంలో జూన్, జూలైలే చలికాలం. ఇక్కడ మంచు కురవదు కనక చలే లేదనుకుంటారు. నది మీంచి లేచిన పొగమంచు ఉదయం పదింటిదాకా వీధుల్లో పడుకుని ఉంటుంది. మా పాత చెక్క ఇల్లయితే బయటెంత చలో లోపలా అంతే. దానికున్న ఒకే ఒక్క దిక్కు నేల కింద గ్యాస్ ఫర్నేస్. అది గొట్టాల్లోంచి వేడిగాలి పంపితే, గదుల్లో నేలకి బిగించిన ఇనుప జాలీల్లోంచి పైకొచ్చేది. మామగారు పోయాక అత్తగారు కాకినాడ నుంచి మా దగ్గరికే వచ్చేశారు, మా ఆవిడ ఒక్కతే కూతురు మరి. అత్తగారికి ఈ దేశంలో నచ్చిన వస్తువు ఆ ఫర్నేసొక్కటే. చీర మీద నా పాత స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని, హాల్లో జాలీ పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. ఎండ చాలదని గుమ్మడి వడియాల పళ్ళేన్ని ఆ జాలీ మీదే పెట్టి ఎండబెట్టేవారు. ఇంగువ వాసన వేడిగాలితో ఇల్లంతా తిరిగి చివరికి నా ఆఫీసు కోటులో స్థిరపడేది. ఆ యంత్రాన్ని ఆవిడ "కింద పొయ్యి" అనేవారు. తెల్లవారి అది గురగురమని మొదలవగానే "లేచాడు మహానుభావుడు" అని ఆవిడా లేచేవారు. ఆవిడకి ఆయాసం ఉంది, వెచ్చదనం తగిలితే గాని ఊపిరి కుదుటపడేది కాదు.

ఒక జూలై ఉదయం మహానుభావుడు లేవలేదు. మెకానిక్ ఇంటి కిందికి పాక్కుంటూ వెళ్ళి, గడ్డం నిండా దుమ్ముతో బయటికొచ్చి, లోపలి రేకు పగిలి విషవాయువు గదుల్లోకి వస్తుందన్నాడు. "దీన్ని వెలిగిస్తే నిద్రలోనే పోతారు, మేట్" అని చెప్పి, గ్యాస్ కట్టేసి ఎర్ర చీటీ తగిలించాడు. కొత్తది పదకొండు వేలు, గురువారం పెట్టించుకోవాల్సిన వాళ్ళెవరో మానుకున్నారు కాబట్టి సరేనంటే ఆ రోజే బిగిస్తానన్నాడు. తలుపు దగ్గర నిలబడి అంతా గ్రహించిన అత్తగారు, "నిన్ననే ఆషాఢం వచ్చింది అల్లుడుగారూ. ఆషాఢంలో కొత్త పొయ్యి వెలిగిస్తారా ఎవరన్నా? శ్రావణం రానివ్వండి" అన్నారు. ఏటా ఉగాదికి వాళ్ళ తమ్ముడు పంపే పంచాంగంలో ఈ దేశపు గంటలకి సరిపడేలా తిథుల్ని పెన్సిలుతో దిద్దుకునే మనిషి ఆవిడ. గంటలు దిద్దగలిగారు గాని, అక్కడి ముసురు నెల ఇక్కడ నడి చలికాలంలో వచ్చి కూర్చుంటే దాన్నేం చేస్తారు?

నేను పంచాంగాన్ని నమ్మేవాణ్ణి కాదు. కావాలనే అమావాస్యనాడు కారు కొని ఏడాదిపాటు ఆవిణ్ణి ఉడికించాను. అలాంటివాణ్ణి ఆ రోజు మాత్రం "పెద్దవారు, మీ మాట కాదంటానా?" అన్నాను. ఆవిడ మురిసిపోయారు. అసలు సంగతేమిటంటే, ఇంకో మెకానిక్ ఆగస్టులో అయితే తొమ్మిది వేలకే బిగిస్తానని ఫోన్లో చెప్పాడు. మాకు డబ్బు లేక కాదు. నర్సుగా పనిచేసే మా ఆవిడ "అమ్మకి ఆయాసం, ఆగలేం" అని పోరింది. "మీ అమ్మే వద్దంటుంటే పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకు?" అని నోరు మూయించాను. చిన్న హీటర్లు కొన్నాం. రెండు కలిపి వేసి కెటిల్ పెడితే చాలు, ఫ్యూజు పోయేది. అత్తగారి గదికి ఒకటి ఇచ్చాం గాని, ఐదింటికే లేచి స్నానం చేసి చల్లటి హాల్లో గంటసేపు పూజకి కూర్చునేవారు.

ఆషాఢం పన్నెండో రోజు ఉదయం మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయాక, అత్తగారు కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. "నేనొకటంటాను, నవ్వకండేం. ఆషాఢం పట్టింపు మన వానలకి పెట్టిందేమోగాని ఈ చలికి కాదనుకుంటాను. పొయ్యి పెట్టించేద్దురూ, దేవుడేం అనుకోడులెండి" అన్నారు. నాలాంటి వెటకారపు అల్లుడి ముందు తన పట్టింపు వదులుకోవాలంటే ఆవిడకి ఎంత చలేసి ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది. ఆ క్షణాన నాకు తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఉన్న రెండు వేలే వినిపించాయి. "ఇన్నేళ్ళ నియమం, ఈ కాసిని రోజులకోసం పోగొట్టుకుంటారా అత్తయ్యగారూ?" అన్నాను నవ్వుతూ. "అవున్లెండి" అన్నారు. గ్లాసు కడిగి బోర్లించి తన గదికి వెళ్ళిపోయారు. మళ్ళీ అడగలేదు.

నాలుగు రోజులకి జ్వరం వచ్చింది, తర్వాత న్యుమోనియా అన్నారు. మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే వారం రోజులుండి పోయారు. ఊపిరితిత్తులు ముందునుంచీ బలహీనమే, చలి కూడా ఒక కారణం కావచ్చు, ఫలానా అని చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ "చెప్పలేం" పట్టుకుని నేను చాలాకాలం వేలాడాను. దహనమైన మూడో రోజు మా ఆవిడ ఎవర్నీ అడక్కుండా మొదటి మెకానిక్‌కే ఫోన్ చేసింది. మైలలో, ఆషాఢం ఇంకా మూడు రోజులుండగానే, పదకొండు వేలకి కొత్త ఫర్నేస్ బిగించారు. జాలీలోంచి వేడిగాలి రాగానే మా ఆవిడ దాని ముందు కూలబడి బావురుమంది.

అప్పట్నుంచీ ఎవరడిగినా మా ఆవిడ ఒకటే చెబుతుంది, "మా అమ్మ పట్టింపే మా అమ్మని తీసుకుపోయిందండీ. ఆషాఢం, ఆషాఢం అంటూ కూర్చుంది." మొదట్లో కోపంతో చెప్పేది, ఇప్పుడు అలవాటుగా చెబుతుంది. ఆ మరుసటి ఉగాదికి మేనమామ పంపిన పంచాంగాన్ని కవరు కూడా విప్పకుండా వెనక్కి పంపేసింది. మా అమ్మాయి ఈ కథని ఇంగ్లీషులో తన స్నేహితులకి చెబుతుంది, అమ్మమ్మ మూఢనమ్మకం కథగా. నేను పక్కనే తలవంచుకుని కూర్చుంటాను. అత్తగారంటే ఎంత ప్రేమో అనుకుంటారు చూసినవాళ్ళు. మీ అమ్మ అడిగింది, నేనే ఆపాను అని ఒక్క మాటంటే ఆ పెద్దావిడ మీది నింద తీరిపోతుంది. నాకు సిగ్గూ భయమూ రెండూ ఉన్నాయి. కాలం గడిస్తే చెప్పడం తేలికవుతుందనుకున్నాను. మొదటి ఏడు చెప్పనందుకు రెండో ఏడు చెప్పలేకపోయాను, రెండో ఏడు చెప్పనందుకు మూడో ఏడు, అలా ఏడేళ్ళయింది.