దుప్పటి పూల బరువు

మన చర్చి సంఘం పాటల పుస్తకంలో మా అమ్మ పాటలకీ చోటిస్తారని, ఆ సాయంత్రంలోగా మెయిల్లో పంపాలని నాకు చెప్పింది సంఘంలో పాటలు సేకరిస్తున్న రూతక్క. చనిపోయిన అమ్మ పాటలు రాసుకున్న నోటుబుక్కును ఇంట్లో పూల దుప్పటి మీద పెట్టి, పేజీ పేజీ ఫోటో తీశాను. రైల్లో కూర్చుని ఫోటోలన్నీ కలిపి మూడుసార్లు జిప్ ఫైలు చేసినా సైజు తగ్గలేదు, మెయిల్ పోలేదు.

పక్కసీటు అమ్మాయి చూసి నవ్వింది. "ఫోటోల సైజు ఫోన్ ముందే కుదించేసి ఉంటుందక్కా, జిప్ చేసినా తగ్గవు. ఇందులో పాటకంటే దుప్పటి పూలే బరువు. అంచులు కత్తిరించి నలుపు తెలుపు చెయ్యండి. ఆ తర్వాత జిప్ చేస్తే ఒక్క మూటగా పోతాయి."

"అమ్మ అక్షరాలు చెడిపోవు కదమ్మా?"

"ఇంకా బాగా కనబడతాయి, చూడండి."

సూళ్లూరుపేటలో తను దిగేలోపు మెయిల్ వెళ్లింది. పేరడగడం మరిచాను. పాటల పుస్తకం అచ్చయి ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. అమ్మ పాట పాడినప్పుడు ఆ అమ్మాయిని కూడా ప్రార్థనలో తలుచుకోండి.