అలివేలమ్మకు దక్కని కుర్చీ

మా ఊళ్ళో రాజకీయం తెలిసిన మనిషి ఎవరంటే అలివేలమ్మే. పంచాయతీ రేడియోలో వార్తలొస్తే మగవాళ్ళు విని ఊరుకునేవాళ్ళు. ఆమె విని తగువు పెట్టుకునేది. "మద్రాసు పాయ, కర్నూలొచ్చె. కర్నూలు పాయ, హైదరాబాదొచ్చె. మనూరికి ఒక నర్సమ్మ మాత్రం రాకపాయ" అనేది అరుగు మీద కూర్చుని.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. కూతురు ఈశ్వరికి తొలికాన్పు కష్టమైతే ఎద్దులబండిలో పెనుకొండ ఆసుపత్రికి బయలుదేరారు. దారిలోనే బిడ్డ పోయింది.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో ఆడవాళ్ళను కూడా మెంబర్లుగా తీసుకోవాలన్నారు. ఆ కుర్చీ తనదేనని అలివేలమ్మ కొత్త రవిక కుట్టించుకుంది. తీరా చూస్తే పిలుపు ఆమె తోటికోడలు నీలావతికి వచ్చింది. నీలావతి నోట్లో నాలుక లేని మనిషి. అలివేలమ్మ పోయి సర్పంచు పెద్దప్పను నిలదీసింది.

"నీకిస్తే మాకు మాట్లాడే సందు యాడుంటాదమ్మా?" అన్నాడాయన.

అలివేలమ్మ భగ్గుమంది. అంతకంటే పెద్ద మంట మొదటి మీటింగు తర్వాత లేచింది. నీలావతి పెనుకొండ నుంచి మొహం వెలిగిపోతూ వచ్చింది.

"అక్కా, నీ మద్రాసు మాట ఆడ చెప్పినా. అందరూ చప్పట్లు కొట్టిరి."

అది ఎవరి మాటో చెప్పావా అని అలివేలమ్మ అడగలేదు. చెప్పలేదని మొహంలోనే తెలుస్తోంది. కుర్చీ పోయిందనుకుంటే మాట కూడా పోయింది. ఆ రోజు నుంచి తోటికోడలి ముందు నోరు కట్టేసుకుంది.

అంతలో ఈశ్వరి రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. సమితికి ఒక నర్సమ్మ మంజూరైందనీ, ఏ ఊరికి వెయ్యాలో మర్నాటి మీటింగులో తేలుస్తారనీ కబురొచ్చింది. నీలావతి పరుగున వచ్చింది.

"రేపు ఏం చెప్పల్లక్కా?"

"నాకేం తెలుసు? మెంబరువు నువ్వు."

పక్కింట్లో ఉన్న నాకు వినబడింది. కన్నకూతురి కంటే కచ్చ ఎక్కువైందా ఈమెకు అని ఒళ్ళు మండింది.

తెల్లవారి నీలావతి కోసం సమితి జీపు వచ్చింది. అలివేలమ్మ తోటికోడలి వైపు చూడనైనా లేదు. వాకిట్లో కట్టేసిన బర్రె దగ్గరికి పోయి, వీధంతా వినబడేలా మొదలుపెట్టింది.

"చూస్తివా బర్రే, నువ్వు ఈనే పొద్దుకు పశువుల డాక్టరు వస్తాడు. నా బిడ్డకు మాత్రం ఎద్దులబండే గతి. మీ పెండ్లాలు బండిలో కంటారా సార్ అని ఆ సమితిలో అడిగే దిక్కు లేదు."

నీలావతి జీపు మీద ఒక కాలు పెట్టి, చివరిదాకా విని, అప్పుడు ఎక్కింది.

నర్సమ్మ మా ఊరికే వచ్చింది. ఈశ్వరికి సుఖంగా ఆడపిల్ల పుట్టింది. ఊరంతా నీలావతిని పొగుడుతుంటే అలివేలమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని విన్నది. పేరు పెట్టేనాడు ఈశ్వరి, "చిన్నమ్మ లేకుంటే ఈ బిడ్డ యాడిదమ్మా" అని నీలావతి పేరే పెట్టింది.

అలివేలమ్మ కాదనలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ పిల్లను పాపా అనే పిలిచింది.