లేని మేడకు పన్ను

ఆ రోజుల్లో మనిషి దగ్గర ఏమీ మిగలకపోయినా నడుము నిటారుగా ఉంటే చాలు, వంశం నిలబడినట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. చిత్తూరులో మమ్మల్ని మేడవాళ్ళు అనేవారు. మామిడి తోటలు తాత కాలంలోనే పోయాయి, బండీ ఎద్దులూ నాయన కాలంలో పోయాయి, చివరికి నాయన కూడా పోయాక నా వంతుకు వచ్చినవి మేడ, దాని పన్ను. మేడ వానకు కారేది. పన్ను మాత్రం ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా ఆర్నెల్లకోసారి వచ్చేది. (ఒకప్పుడు వీధివైపు గదులను అంగళ్ళకు అద్దెకిచ్చిన పాపానికి అది అంగళ్ళ లెక్కన పడేది. అంగళ్ళు ఎత్తేసినా ఆ లెక్క ఎత్తేయలేదు.)

ఆఖరికి మా చిన్నాయన ఒక దారి చెప్పాడు. మేడ పడగొట్టి ఆ స్థలంలో మాకొకటి, ఆయనకొకటి, మా మేనత్తకొకటి చిన్న ఇళ్ళు కట్టుకుందామన్నాడు. మేడ కూల్చామని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలి. వాళ్ళు వచ్చి చూసి ఖాళీ స్థలమని రాస్తే ఇంటి పన్ను ఆగి, దాని బదులు అంతకంటే తేలికైన స్థలం పన్ను పడుతుంది. అలా రాస్తేనే కొత్త ఇళ్ళ ప్లాను పాసవుతుంది. అంతవరకు అమ్మా నేనూ అద్దె పోర్షన్లో చేరాం. అక్కడ ఓనరమ్మ నీళ్ళ మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని, "ఇంక చాలు నిలపమ్మా, ఎన్ని బిందెలు పడతావు?" అని అమ్మను కసిరేది. మేడ ఇల్లాలు బిందె ఎత్తుకుని మెట్లెక్కేది. ఆమెను ఆ మోటారు దగ్గర నుంచి ఎంత త్వరగా తప్పిస్తే అంత మంచిదని నాకూ తెలుసు.

గోడలన్నీ పడ్డాయి. వాకిలి ఒక్కటే మిగిలింది. ఆషాఢంలో ద్వారబంధం కదిలించకూడదని పురోహితుడు చెప్పడంతో శ్రావణం దాకా దాన్ని అలాగే ఉంచాం. మోకాలెత్తు గడప, తలపాగా చుట్టుకున్న తాత తల వంచకుండా దాటేంత ఎత్తు ద్వారం. మట్టికుప్పల మధ్య ఒంటరిగా నిలబడి ఉండేది. నాలుగు వైపులా బయలే అయినా నేను మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళి, చెప్పులు విడిచి, వాకిట్లోంచే లోపలికి వెళ్ళేవాణ్ణి. (లోపల పెంకుముక్కలు ఉండేవి. పౌరుషానికి అరికాళ్ళు ఉండవు.)

ఒక మధ్యాహ్నం మునిసిపాలిటీ ఆయన గొడుగు వేసుకుని తనిఖీకి వచ్చాడు. వచ్చినవాడు వంటింటి గోడ ఉండాల్సిన చోట నుంచి నేరుగా నట్టింట్లోకి నడిచి వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమండీ, వాకిలి ఆడుండాది కదా! ఆడ నుంచి రాండి."

ఆయన చుట్టూ చూశాడు. "గోడలు యాడుండాయి సార్, వాకిట్లోంచి వచ్చేదానికి?"

"గోడలు లేకుంటే మాత్రం? మా తాత కాలంలో తాసిల్దారు కూడా ఆ గడప ముందర చెప్పులు విడిచినాడు."

"గమ్మునుండరా సామీ," అని చిన్నాయన నా చొక్కా లాగాడు. ఆ పెద్దమనిషి నావైపు అదోలా చూసి, ఎండలో చుట్టూ తిరిగి వెళ్ళి, చెప్పులు విడిచి, గడప అవతల ఆగి, "ఇప్పుడు రావచ్చునా?" అన్నాడు. నాకెంత తృప్తి! కుర్చీ వేయించాను. ఎదురు హోటల్ నుంచి కాఫీ తెప్పించాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? "ఇది హాలు, ఇది నాయన గది, అవి మేడ మెట్లు" అంటూ గాలిలో చేతులు తిప్పి ఇల్లంతా చూపించాను.

ఆయన కాఫీ ఊదుకుంటూ, "అట్లయితే ఖాళీ స్థలమని రాసుకోనా సార్?" అన్నాడు మెత్తగా.

ఖాళీ! మమ్మల్ని!

"ఖాళీ ఏందండీ? ఈడ మా మేడ ఉండాది. మార్చి కట్టుకుంటావుండాం, అంతే."

"అట్లనా! మీరే ఉండాదంటే లేదనేదానికి నేనెవుర్ని?" అని గ్లాసు కింద పెట్టి, వచ్చిన వాకిట్లోంచే మర్యాదగా వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా అర్జీ వెనక్కి వచ్చింది. ఇల్లు ఉన్నట్టు యజమానే ఒప్పుకున్నాడు కాబట్టి పాత పన్ను అలాగే సాగుతుంది, ప్లాను పాసు కాదు. చిన్నాయన తల పట్టుకుని మా అద్దె ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. "ఊర్లో వాళ్ళంతా ఉండే ఇంటికి పన్ను ఎగ్గొట్టాలని సూస్తారు. మావోడు లేని ఇంటికి అడిగి ఏయించుకున్నాడప్పా!"

శ్రావణంలో వాకిలి విప్పి, మళ్ళీ అర్జీ పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగాం. (అక్కడ నేను లోపలికి రమ్మనేదాకా గడప బయటే నిలబడ్డాను.) ఖాళీ అని రాయించుకునేసరికి మరో అర్ధ సంవత్సరం పన్ను నెత్తిన పడింది, వానలు పట్టుకున్నాయి. అమ్మ దీపావళి తలంట్లకు కూడా ఆ మోటారు దగ్గరే పడిగాపులు కాసింది.  

ఇళ్ళు లేచాయి. వాకిలి మాత్రం కొత్త గోడల్లో దేనిలోనూ ఇమడలేదు. పారేస్తామా? స్థలం ముందు మూడిళ్ళకూ కలిపి నిలబెట్టించాను. పక్కన స్కూటర్లు వెళ్ళడానికి సందు వదిలారు. గృహప్రవేశం నాడు అమ్మ పాలగిన్నె పట్టుకుని తిన్నగా ఆ సందులోకి మళ్ళింది.

"అమ్మా, వాకిలి ఈడుండాది!"

"నీ వాకిలి నువ్వే పెట్టుకో నాయనా. నేను ఇంట్లోకి పోవాల."

ఇప్పుడు పన్ను ఫోన్లోనే కట్టేస్తున్నాను. ఉన్న ఇంటికే. ఇన్నేళ్ళూ ఆ వాకిట్లోంచే వచ్చాను గానీ ఈ మధ్య మోకాళ్ళు గడప దాటనివ్వడం లేదు. మొన్న బజారు నుంచి వస్తూ, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని స్కూటర్ల సందులోకి దూరాను. వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ తల ఎత్తకుండానే, "వచ్చినావా? ఇంత సేపు పట్టిందా నాయనా ఇల్లు చేరేదానికి?" అంది.

నేనేమీ వినపడనట్టు, నడుము మాత్రం నిటారుగా పెట్టుకుని, లోపలికి వెళ్ళాను.