కొంగున్న ఏప్రాన్

సూర్యాపేటలో నేను కిరాయికుండే ఇంటివాళ్ళు బయట టిఫిన్ తినరు. ఆ ఇంటి పెద్దావిడ సత్తెమ్మకు బండి దగ్గర నిలబడి ఇడ్లీ తినేవాళ్ళను చూస్తే జాలి. "ఇంట్ల ఎవ్వరు లేరేమో, పాపం" అంటుంది. నేను బళ్ళో పాఠాలు చెప్పుకునే ఒంటి మనిషిని. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకునేదాన్ని. అది ఆమె కంట పడిన మర్నాటి నుంచి ఏడు కొట్టకముందే కింది నుంచి కేక వచ్చేది.

"టీచరమ్మా, ప్లేటు పట్కొని రా!"

నేను సిగ్గు లేకుండా వెళ్ళేదాన్ని. మామూలు రోజుల్లో నూకల ఉప్మానో, జొన్నరొట్టెనో ఉండేది. ఆదివారం మాత్రం తపాలచెక్క. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన గుండ్రటి గిన్నె లోపలంతా అద్ది, మూత పెట్టి సన్న సెగ మీద కాల్చాలి. గిన్నెను మధ్యమధ్యలో తిప్పుతుండాలి. తిప్పకపోతే ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. గిన్నెకేమో పిడి ఉండదు. సత్తెమ్మ నడుములో దోపుకున్న కొంగు లాగి, రెండు చేతులతో గిన్నె అంచు పట్టి తిప్పేది.

"పట్టుకారు జారుతది. మసిగుడ్డ పనికి దొరకదు. కొంగైతే ఎప్పుడు నాతోనే ఉంటది గదా" అనేది. యాభై ఏళ్ళుగా ఆమెది అదే పద్ధతి. ఆమెననడానికి నేనేమన్నా తక్కువ తిన్నానా? నాదీ అదే.

నిరుడు చలికాలంలో ఒక ఆదివారం ఆ కొంగే అంటుకుంది. కట్టుకున్నది కొడుకు కొనిచ్చిన సింథటిక్ చీర. ఆ కొడుకు సంపత్ బస్సు కండక్టరు. పళ్ళు తోముకుంటున్నవాడు పరుగెత్తుకొచ్చి బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. అప్పటికే ఆమె ఎడమ చేయి మోచేతి పైదాకా కాలింది. దవాఖానలో వారం, ఇంట్లో నెల పట్టింది. కట్లు విప్పిన రోజే సంపత్ హుకుం జారీ చేశాడు.

"అమ్మా, ఇగ నువ్వు పొయ్యి దిక్కు పోవద్దు. అంతే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకున్నాను. కానీ మంటలో తల్లిని చూసిన మనిషికి ఏం చెబుతాం? ఆ మర్నాటి నుంచి ఇంటికి ఇడ్లీ పొట్లాలు రావడం మొదలైంది. సత్తెమ్మ ఒక ఇడ్లీ తుంచి, సగం వదిలేసి, టీవీ ముందు కూర్చునేది. అందులో ఏం వస్తుందో ఆమెకు పట్టేది కాదు.

"ఎందుకు తినట్లేదు?" అని నేను అడిగితే, "కూసున్న మనిషికి ఆకలెక్కడిది టీచరమ్మా" అంది. రెండు నెలల్లో ఆమె జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆ సంగతి ముందు కనిపెట్టింది కోడలు రాణి.

రాణిది కోదాడ. వరండాలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మిగిలిన ముక్కలతో వంటింటి ఏప్రాన్లు కూడా కుడుతుంది. కుచ్చుల అంచులు, మామిడిపిందె ఆకారంలో జేబు, చూస్తే ముద్దొస్తాయి. మిర్యాలగూడలో కేకులు నేర్పే ఒకావిడ పదేసి చొప్పున తీసుకుపోతుంది. నేనూ ఒకటి కొన్నాను. అది మేకుకు అందంగా వేలాడుతోంది, వంట మాత్రం కొంగుతోనే నడుస్తోంది.

"ఏవండీ, చీర మీద ఏప్రాన్ కడితే కొంగు లోపలే ఉండిపోద్ది. ఇంకెలా అంటుకుంటది?" అని రాణి మొగుణ్ణి పట్టుకుంది. సంపత్ నాలుగు రోజులు నాన్చి, "ఒక్కసారి సూద్దాం. నేనుండంగనే" అన్నాడు.

"నేనేమన్న దావత్ల వంటమాస్టర్నా?" అని సత్తెమ్మ మూతి ముడుచుకుంది. నీలం మీద పసుప్పచ్చ పూల ఏప్రాన్ వేసుకుని, అద్దంలో మాత్రం రెండుసార్లు చూసుకుంది.

ఆ ఆదివారం అందరం వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. గిన్నె తిప్పే వేళయింది. సత్తెమ్మ చూపు గిన్నె మీదే ఉంది. చేయి దానంతటదే నడుము దగ్గరికి పోయింది. అక్కడ కొంగు లేదు. లేదని బుర్రకు తెలిసేలోపే రెండు చేతులూ వట్టిగా వెళ్ళి అంచు పట్టేశాయి. గిన్నె కింద పడింది. వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి.

"సూసినవా? ఖతం! ఇగ ఈ ముచ్చట ఎవ్వరు తీయొద్దు" అని సంపత్ అరిచాడు. అరుస్తూనే ఆమె వేళ్ళ మీద నీళ్ళు పోశాడు.

"నా చేతులే నా మాట ఇంటలేవు. ఇగ నేను దేనికి పనికొస్త?" అంది సత్తెమ్మ. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మర్నాడు రాణి మిషన్ తొక్కలేదు. చాలాసేపు అత్తనే చూస్తూ కూర్చుంది. "తప్పు అత్తయ్యది కాదు టీచర్ గారూ, నాది. మెడ కొలిచా, నడుం కొలిచా. చెయ్యి ఎక్కడికి పోద్దో కొలవలేదు" అంది.

వేళ్ళు మానాక, సంపత్ డ్యూటీకి పోయిన ఒక పొద్దున, వెలిగించని స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టింది. "చెక్క కాలుస్తున్నట్టే చెయ్యండి అత్తయ్యా" అంటూ చాక్‌పీసు పట్టుకుని పక్కన కూర్చుంది. సత్తెమ్మ చేయి పదిసార్లు పోతే పదిసార్లూ ఒకే చోటికి పోయింది. నడుముకు కుడి పక్కన, బెత్తెడు ముందుకు. రాణి అక్కడ గీత గీసింది. సత్తెమ్మదే పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలేసి, బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టి, ఆ గీత మీద అతికించింది. రెండు చేతులకూ సరిపడేంత వెడల్పు, మంట దాకా వేలాడనంత పొట్టి.

వారం రోజులు చల్లని స్టవ్వు దగ్గరే సాధన. పరీక్ష పెట్టడం నా వంతు. సత్తెమ్మ ఏ ఆలోచనలోనో ఉన్నప్పుడు వెనక నుంచి "మాడుతోంది!" అని కేక వేసేదాన్ని. ఆమె ఉలిక్కిపడేది. చేయి మాత్రం సూటిగా ఆ గుడ్డ మీదికే పోయేది. బళ్ళో ఏ పిల్లా నన్ను అంత సంతోషపెట్టలేదు.

ఆ తర్వాతి ఆదివారం సంపత్ తల దువ్వుకుంటూ ఉండగా, ఆమె ఎవరినీ అడగకుండా పిండి కలిపింది. ఏప్రాన్ మెడలో వేసుకుంది. కాలిన చేయి చర్మం బిగుసుకుపోయి వెనక్కి తిరగదు, నాడాలు కట్టుకోలేదు. రాణి వెళ్ళబోయింది. నేను చేయి పట్టి ఆపాను.

"సంపత్, జర ఈ నాడాలు కట్టు బిడ్డా."

అతను కదల్లేదు. "మల్ల కాలితే?"

"కాలితే మానుతది. ఉత్తగ కూసుంటే మానదు రా."

సంపత్ దగ్గరికొచ్చి ముందు ఆ గుడ్డ పట్టి చూశాడు. నలిపి చూశాడు, లాగి చూశాడు. తర్వాత తల్లి వెనక నిలబడి నాడాలు కట్టాడు. ఒక ముడి వేశాడు. దాని మీద ఇంకోటి. మూడోది కూడా వేశాడు.

"గిన్ని ముడులేస్తె, నేను వంటింట్లకెల్లి బయటికెట్ల రావాలె రా?" అంది సత్తెమ్మ.

"రాకు. గీడనే ఉండు" అని, సంపత్ తనే స్టవ్వు వెలిగించాడు.