ఆరబెట్టిన పీచు

నాకు కోపం ఎక్కువ. మిక్సింగ్ మిషన్ దగ్గర పనిచేసేవాళ్లకు అంత కోపం పనికిరాదని మా సార్ అంటుంటాడు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఆయన షెడ్డు ఉంది. కరిగించిన ప్లాస్టిక్‌లో చెరకు పీచు కలిపి, ఆ ముద్దను అచ్చుల్లో నొక్కి పీటలు తయారుచేస్తాం. బోధన్ వైపు బెల్లం గానుగల దగ్గర మిగిలిన పిప్పి ట్రాక్టర్‌లో వస్తుంది. దాన్ని కడిగి, ఎండబెట్టి, చేత్తో చిక్కు విప్పి పీచు తీస్తారు. కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను కాబట్టి మిషన్ పని నాది. పీచు విప్పే పనిలో మా అక్కను నేనే పెట్టించాను.

అక్కా నేనూ కంఠేశ్వర్‌లో ఒకే ఇంట్లో కిరాయికి ఉంటాం. చిన్నప్పటి నుంచీ ఆమెది బీడీలు చుట్టే పని. పొగాకు దుమ్ముకు ఆయాసం, ఆమె మాటల్లో దమ్ము, పట్టుకుంది. పొగాకు పని మానకపోతే మందులు పనిచేయవని డాక్టర్ గట్టిగానే చెప్పాడు.

"మానితే ఏం తినాలె సారూ?" అని అక్క ఆయననే అడిగింది. ఆయన తల ఎత్తకుండా చీటీ రాసిచ్చాడు. నాకు ఆయన మీదా కోపమొచ్చింది, అక్క మీదా వచ్చింది. ఆ వారంలోనే మా సార్‌ను బతిమాలి ఆమెను షెడ్డుకు తెచ్చుకున్నాను. కొన్నాళ్లకే ఆమె మా ఇంటి మెట్లు ఎక్కి ఆగకుండా మాట్లాడగలిగింది. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను? ఎక్కువ రోజులు నిలవలేదు మరి.

మా పీటలు విరిగిపోయేవి. కొనే వ్యాపారి ఒక్కటే మాట చెప్పాడు, బరువైన మనిషి ఎక్కి నిలబడినా పీట విరగకూడదని. మొదట్లో మా దగ్గర వేడి రోలర్ల మిషన్ ఉండేది. రోలర్ల నడుమ ప్లాస్టిక్ కరుగుతుంటే దాని మీద పీచు చల్లుతూ పోవాలి. అందులో పీచు పొడుగ్గానే ఉంటుంది కానీ అక్కడక్కడా ఉండ కడుతుంది. పీట సరిగ్గా ఆ ఉండ దగ్గరే పుటుక్కుమనేది. ఉండలు విడిపోవాలని ఎక్కువసేపు తిప్పితే మాడిన బెల్లం వాసన వచ్చి ముద్ద నల్లబడేది. అప్పుడు సార్ పాత స్క్రూ మిషన్ ఒకటి కొనుక్కొచ్చాడు. గొట్టం లోపల స్క్రూ తిరుగుతూ రెండింటినీ పిసికి ముందుకు నెడుతుంది. కలపడం బ్రహ్మాండంగా కలిపింది. కానీ పీచును నలిపి పిండి చేసింది. పీచు పిండైతే ఇక దానికి బలం ఎక్కడిది?

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఇదే నా గోల.

"పీచు ఇరిగిపోతున్నదే అక్కా. మిషన్ల పడితే సాలు, తునకలు తునకలైతున్నది. ఏం చేద్దునో సమజైతలేదు."

"తినవే ముందుగాల" అనేది అక్క. అయినా అంతా వినేది.

ఆలోచించగా గొట్టం మధ్యలో ఇంకో నోరు ఉందని గుర్తొచ్చింది. ప్లాస్టిక్‌ను మొదటి నుంచి పోసి, అది బాగా కరిగాక ఆ మధ్య నోట్లో పీచు వేసి, స్క్రూ వేగం తగ్గించాను. ఈసారి పీచు నలగలేదు. ఉండలూ లేవు. గెలిచానని మురిసిపోయాను. పీటలు మాత్రం మళ్లీ విరిగాయి. విరిచి చూస్తే లోపలంతా అట్టులో ఉన్నట్టు బొక్కలు. లోపల ఏదో ఆవిరవుతోంది. అంటే నీళ్లు. కానీ పీచు రోజంతా ఎండలో గలగలలాడేలా ఆరుతోంది, సాయంత్రం నా చేత్తో పట్టి చూసి మరీ వెళ్తున్నాను.

సార్ ఓపిక అయిపోయింది. "నువ్వు మధ్యల ఏసుడు మొదలువెట్టినంక ఇంకింత ఆగమైందమ్మా. ఈ ఒక్కసారి సూస్త. గిట్లనే అయితే పీచు పని బంద్. ఉత్త ప్లాస్టిక్ బకెట్లు చేసుకుంట."

పీచు బంద్ అంటే అక్క మళ్లీ పొగాకు ముందే కూర్చోవాలి. ఆ భయం బయటపెట్టకుండా, నా పద్ధతిలో తప్పు లేదని ఆయనతో గట్టిగా వాదించి వచ్చాను.

మరునాడు కూడా అక్క ఎప్పటిలాగే నాకంటే ముందు బయలుదేరింది. ఆ రోజు నేనూ పెందలాడే వెళ్లాను. నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆమె చెంబులో నీళ్లు పట్టుకొని పీచు కుప్ప మీద చేత్తో చల్లుతోంది. చల్లి, అటూ ఇటూ తిప్పి, తడి గోనెసంచి కప్పింది. బీడీ ఆకును ఎలా పదును చేస్తారో అచ్చం అలాగే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం చేస్తున్నవే?"

అక్క బిత్తరపోయింది. "ఆకు తడపకుంటె కత్తెరవెట్టంగనే ఇరుగదా? గిది గూడ గంతే గదా. ఇరుగుతున్నదని దినాం నువ్వే మొత్తుకుంటివి. మెత్తగైతె ఇరుగదని సల్లుతున్న."

"నాకొక మాట చెప్పద్దా?"

"చెప్పుడేంది, గిది గూడ చెప్పాల్నా?" అని, గోనెసంచి సర్దుతూ, "తడుపుతె దుమ్ము గూడ లేస్తలేదే. ఉత్తగ ఇప్పితె దమ్మొస్తున్నది" అంది.

బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినదాన్నే కదా నేను కూడా. ఆకు తడపకుండా కత్తిరించే ఆడమనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆమె మెట్లు ఎక్కగలిగింది పొగాకు మానినందుకే కాదు, ఆ చెంబెడు నీళ్ల వల్ల కూడా.

సార్‌కు చెప్పక తప్పలేదు. ఆయన అక్కను ఒక్క మాట అనలేదు, పైగా నవ్వాడు. దుమ్ము లాగే ఫ్యాన్ పెట్టించమని అడిగాను. "ఆర్డర్ రానియ్యమ్మా, పెడదాం" అన్నాడు. మూతికి కట్టుకోవడానికి గుడ్డ మాస్కులు తెప్పించాడు. ఆ రోజు అక్క మాస్కు కట్టుకొని పొడి పీచు విప్పింది. మధ్యాహ్నానికి గోడ పట్టుకొని నిలబడింది. మాస్కు తీస్తే దుమ్ము, కడితే ఊపిరి ఆడదు. నేను మిషన్ ఆపి ఆమెను ఆటోలో ఇంటికి తీసుకెళ్లాను. దారంతా ఆమె నా చెయ్యి పట్టుకొనే ఉంది, నేనేమో ఆటో మెల్లగా నడుపుతున్నాడని డ్రైవర్ మీద అరిచాను.

ఆమె మళ్లీ షెడ్డుకు రాలేదు. పొడి పీచుతో పీటలు తయారయ్యాయి. వ్యాపారి తనతో తెచ్చుకున్న లావుపాటి మనిషి ఎక్కి, ఊగి, ఎగిరి కూడా చూశాడు. చిన్న చప్పుడు కూడా రాలేదు. సార్ అందరికీ మిఠాయి పంచి, కలపడమంటే ఇదీ అని నన్ను మెచ్చుకున్నాడు. నా మిఠాయి కాగితంలో చుట్టి మిషన్ పక్కన పెట్టాను. ఫ్యాన్ గురించి మళ్లీ అడిగితే, వచ్చే సరుకుకు చూద్దామన్నాడు.

ఇంటికెళ్లేసరికి అక్క తలుపు దగ్గర గాలికి కూర్చొని బీడీలు చుడుతోంది. పొగాకు చూసి నా ఒళ్లు మండింది కానీ, చెప్పులు విడిచి ఆమె పక్కనే కూర్చున్నాను.

"పీటలు ఇరిగినయా?" అంది.

"లేదక్కా. మంచిగొచ్చినయి."

"పోనీ తీ." చేతిలో బీడీకి దారం కట్టి పక్కన పెట్టింది. "నా జాగల ఎవరినన్న పెట్టుకున్నరా?"

"నవీపేట్ నుంచి ఒకామె వస్తున్నది. చిన్నదే."

అక్క ఇంకో ఆకు తీసుకోబోయి, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఆమెకు దమ్ము లేదు గదా?"

"ఇప్పుడైతే లేదు" అన్నాను.